ఎస్కిమోగారి భార్య

మా చిన్నప్పటి సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఎస్కిమో ఒకడుండేవాడు. మీలో కొందరికి గుర్తుండే ఉంటాడు. మంచుతో కట్టిన ఇంట్లో ఉంటాడు. కుక్కల బండి మీద తిరుగుతాడు. సీలును వేటాడతాడు, దాని మాంసం తింటాడు, తోలు తొడుక్కుంటాడు. పాఠం మొత్తం 'డు'లతోనే నడిచిపోయేది. ఆ తోలు తనంతట తానే కోటు ఎలా అయిందో, ఆ మాంసం ఎవరు కోసి దాచారో, పిల్లలకి ఎవరు పెట్టారో ఆ పాఠం రాసినాయనకి పట్టలేదు. బొమ్మలో కూడా ఆయనొక్కడే, చేతిలో ఈటెతో. మన ఇళ్లలో మాత్రం ఏం తక్కువ లెండి! "మేం సంక్రాంతికి రెండు రకాల అరిసెలు చేస్తాం" అని మా వారు నలుగురిలో గొప్పగా చెబుతుంటారు. ఆ 'చేస్తాం'లో ఆయన వాటా ఎంతో నాకూ, పాకం గిన్నెకీ తెలుసు.

అలాంటిది, ఇన్నేళ్ల తరవాత ఆ ఎస్కిమోగారి భార్య కబుర్లు నాకు తెలిశాయి. 2018 వేసవిలో మా రెండో అమ్మాయి దగ్గర, అలాస్కాలోని ఆంకరేజ్‌లో మూడు నెలలున్నాను. దాని ఆఫీసులో పనిచేసే ఒకావిడ సొంతూరు ఉట్కియాగ్విక్. అమెరికా దేశానికి ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పటాల్లో బారో అని ఉండేది. 2016లో ఊరివాళ్లు ఓట్లు వేసుకుని తమ పాత పేరు తెచ్చుకున్నారు. ఎస్కిమో అన్న మాట కూడా ఇప్పుడు చాలామందికి నచ్చదు. అలాస్కా ఉత్తర తీరం వాళ్లు ఇనుపియాట్లు, కెనడా, గ్రీన్‌లాండ్‌ల వైపువాళ్లు ఇన్యూట్లు. మంచు ఇంటి సంగతి అడిగితే ఆవిడ నవ్వేసింది. వాళ్ల ముత్తాతల కాలంలో కూడా తిమింగలం ఎముకలూ, సముద్రంలో కొట్టుకొచ్చిన దుంగలూ నిలబెట్టి, పైన మట్టిగడ్డలు కప్పుకున్న ఇళ్లేనట. ఇప్పుడైతే మా అమ్మాయి ఇంటిలాంటివే.

ఆవిడ ఒక శనివారం మా ఇంటికి టీకి వచ్చింది. బల్ల మీద నా ఆవకాయ సీసా ఉంది. ఇది ఇండియా నుంచి మోసుకొచ్చిన సరుకని అమ్మాయి చెప్పగానే, "మాకూ ఇంటి నుంచి ఇలాగే వస్తుంది" అంది. వాళ్ల అన్నగారు ఒక తిమింగలం పడవకి కెప్టెన్. తిమింగలం దొరికిన ఏడు, వదినగారు చెల్లెలి వాటా డబ్బాలో సర్ది విమానంలో పంపుతుంది. నల్లటి చర్మం, కింద దళసరిగా కొవ్వు, చిన్న చిన్న ముక్కలు. మక్తక్ అంటారు. పచ్చిదే తింటారు, ఉడకపెట్టీ తింటారు. ఆ పచ్చి చర్మంలో సి విటమిన్ ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోయాను. నిమ్మకాయ, ఉసిరికాయ అన్న మాట లేని చోట జనం పళ్లు ఊడకుండా ఎలా బతికారో అప్పుడర్థమైంది. అదే మంచులో చిక్కుకుపోయిన తెల్లవాళ్ల ఓడల్లో నావికులు స్కర్వీ జబ్బుతో పోయేవారు.

నేను శాకాహారినని చెప్పగానే ఆవిడేమీ నొచ్చుకోలేదు. కాని ఫోనులో వేట వీడియో చూపించబోతే తల తిప్పేసుకున్నాను. మంచు మీద అంత ఎరుపు చూడలేను. చిన్నప్పటి నుంచీ అంతే. అది కనిపెట్టి ఆవిడ ఫోను మూసేసి, "అయితే కుట్టుపని చూపిస్తాను" అంది. అక్కడ మేమిద్దరం కలిశాం.

వసంతంలో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, సముద్రం మీద మంచు పగిలి నీటి దారులు తెరుచుకుంటాయి. బోహెడ్ తిమింగలాలు ఆ దారుల వెంట ఉత్తరానికి వస్తాయి. వాటి కోసం వెళ్లే పడవ పేరు ఉమియాక్. కర్ర చట్రం మీద గడ్డపు సీలు తోళ్లు బిగించి కట్టింది. అల్యూమినియం పడవలూ మోటార్లూ వాళ్లకి లేక కాదు, శరత్కాలపు వేటకి అవే వాడతారు. వసంతంలో మాత్రం మంచు మధ్య చప్పుడు కాకూడదు, తిమింగలానికి చెవి మహా సునిశితం. తోలు పడవైతే సద్దు లేకుండా జారుతుంది, పదిమంది పట్టుకుంటే మంచు మీద మోసుకుపోవచ్చు. ఆ తోళ్లు కుట్టేది ఆడవాళ్లు. తోళ్లని మాగబెట్టి, వెంట్రుకలు గీకేసి, చలికాలం చివర్లో కుట్టు తెలిసిన పెద్దావిడలందరూ ఒకచోట చేరి కుడతారు. దారం దుప్పి జాతి కారిబూ వెన్ను నరాలతో పేనింది. ఇక కుట్టంటారా, సూది తోలుకి ఆరపార దిగకూడదు. సగం మందం దాకా వెళ్లి తిరిగి వచ్చేయాలి. లోపలొక వరస, పైనొక వరస. చీరకి ఫాలు కుట్టేటప్పుడు కుట్టు పైకి కనపడకుండా మనం ఎంత అవస్థ పడతామో తెలుసు కదా? అక్కడ కుట్టు కనబడితే చీర అందం పోవడం కాదు, పడవలోకి నీళ్లొస్తాయి. ఆ నీళ్లలో పడ్డ మనిషి కొద్ది నిమిషాలకే కొయ్యబారిపోతాడు. భర్తా, కొడుకులూ, తమ్ముళ్లూ తన సూది మొన మీద సముద్రంలోకి వెళ్తున్నారన్నమాట.

మరుసటి వారం ఆంకరేజ్ మ్యూజియంలో సముద్ర జంతువుల పేగులతో కుట్టిన పాతకాలపు వానకోటు చూశాను. పేగులు శుభ్రం చేసి, ఊది, ఆరబెట్టి, నిలువునా చీల్చి, ఆ పట్టీలు అడ్డంగా జోడించి కుడతారు. సన్నటి నూనె కాగితంలా వెలుతురు కనబడుతోంది. చుక్క నీరు దిగదట. అద్దానికి ముక్కు ఆనించి ఆ కుట్లు లెక్కపెడుతుంటే మా అమ్మాయి, "అమ్మా, కాపలా అతను చూస్తున్నాడు" అని చెయ్యి పట్టుకు లాగింది.

కెప్టెన్‌ని వాళ్లు ఉమియాలిక్ అంటారు. అతని భార్యనీ ఉమియాలిక్ అనే అంటారు. మర్యాదకి అనడం కాదు. తిమింగలం వేటగాడి బలానికి లొంగదట. ఏ ఇంటి ఇల్లాలు చెయ్యి పెద్దదో, ఎవరు పదిమందికి పెడతారో చూసుకుని, తానే ఆ ఇంటి పడవకి తనని అప్పగించుకుంటుందని వాళ్ల నమ్మకం. అంచేత వేట రోజుల్లో ఆవిడ ఇంట్లో నెమ్మదిగా మసలాలి, కోపతాపాలు పడకూడదు. ఆవిడ స్థిమితంగా ఉంటే అక్కడ తిమింగలం స్థిమితంగా ఉంటుంది. పూర్వం ఒడ్డుకి చేర్చిన తిమింగలం మూతి మీద ఆవిడే మంచినీళ్లు పోసేది. చుట్టూ అంత సముద్రం, బతికినన్నాళ్లూ ఉప్పునీళ్లే, దాహంతో ఉంటుంది కదా పాపం అని. ఈ ముక్క విన్నప్పుడు నాకు మా నాయనమ్మ నోట్లో తులసి తీర్థం పోసిన రోజు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. ఇప్పుడు వాళ్లలో చాలామంది క్రైస్తవులు. తిమింగలం దొరకగానే రేడియోలో అందరికీ వినబడేలా ప్రార్థన చేస్తారు.

ఆ తరవాత అసలు పని. కెప్టెన్ ఇంటి మీద జెండా ఎగురుతుంది. ఊరంతా మంచు మీదికి పోతుంది, తాడు పట్టుకుని లాగడానికి. అడుగుకి ఒక టన్ను చొప్పున బరువు వేసుకోవాలిట. నలభై అడుగుల జంతువంటే ఎంతో మీరే లెక్కకట్టండి. ఏ భాగం ఎవరిదో పాత కట్టుబాటు ఉంది: కుట్టినవాళ్లకింత, లాగినవాళ్లకింత, సాయానికొచ్చిన పడవలకింత. వేటకి మగదిక్కు లేని ఇంటికీ, కాలు కదపలేని ముసలివాళ్లకీ వాటా ఇంటికే వెళ్తుంది. కెప్టెన్ భార్య తలుపులు తెరిచిపెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో ఉడకపెట్టి, వచ్చినవాళ్లందరికీ పెడుతుంది. మాంసం అమ్మకూడదు. ఎముకలతో, నోట్లోని ఈనెలతో చేసిన బొమ్మలూ బుట్టలూ అమ్ముకోవచ్చు, అంతే. మళ్లీ జూన్‌లో నలుకతాక్ అని పండగ. ఆరుబయట అందరూ గుండ్రంగా కూర్చుంటే సూపు, రొట్టె, టీ, మాగబెట్టిన మాంసం వరసగా వడ్డిస్తారు. సీలు తోళ్లు కలిపి కుట్టిన దుప్పటి చుట్టూ పట్టుకుని, మధ్యలో నిలబడ్డవాళ్లని ఆకాశంలోకి ఎగరేస్తారు. ఏడాదంతా సంపాదించి, చివరికి ఎవరు ఎక్కువ ఇచ్చేశారన్నదే గొప్ప. పెళ్లిలో కొసరి కొసరి వడ్డించే మా మేనత్తని అక్కడ దింపితే ఏ పరీక్షా పెట్టకుండా కెప్టెన్ భార్యని చేసేస్తారనుకున్నాను.

తిరిగొచ్చాక ఇవన్నీ ఎదురు ఫ్లాటు పిన్నిగారికి చెప్పాను. పిన్నిగారు చీమలకి పంచదార, కాకులకి అన్నం, వీధికుక్కలకి పెరుగన్నం పెట్టే మనిషి. "అంత పెద్ద ప్రాణిని చంపడానికి చేతులెలా వస్తాయే అమ్మాయ్? ఏ కూరో నారో తినలేరూ?" అంది.

కూర ఎక్కడ పండుతుంది పిన్నిగారూ? నేల అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. చెట్టు లేదు. చలికాలం రెండు నెలలు సూర్యుడే లేవడు. ఊరికి రోడ్డు లేదు, ఏ క్యాబేజీ అయినా విమానమెక్కి రావాలి, ఆ టిక్కెట్టు ఖరీదు కొన్నవాళ్లే కట్టుకోవాలి. అక్కడ నుంచి తూర్పుకి, కెనడాలో ఇన్యూట్లుండే నునావుట్‌లో 2007, 2008లలో పసిపిల్లల ఆరోగ్యం మీద సర్వే చేస్తే, బడికి పోని వయసు పిల్లల్లో నూటికి సుమారు డెబ్బైమంది, తిండికి ఇబ్బంది పడే ఇళ్లలోనే ఉన్నారని తేలింది. డబ్బున్న దేశంలోనే సుమండీ! మంచు స్కూటర్లూ తుపాకులూ వచ్చాక ఇంకా పాత ఆచారమేమిటని అడిగేవాళ్లున్నారు. రోలు పోయి మిక్సీ వచ్చిందని మనం గోంగూర పచ్చడి మానేశామా?

ఇక తిమింగలాలు తగ్గిపోయాయనే మాట. తగ్గించినవాళ్లు వేరే ఉన్నారు. 1848లో రాయిస్ అనే అమెరికన్ కెప్టెన్ బేరింగ్ జలసంధి దాటి ఓడ నడిపి ఈ తిమింగలాల జాడ కనిపెట్టాడు. ఆ వెనక వందల ఓడలు. మొదట దీపాల నూనె కోసం. తరవాత ఆ నోట్లోని పొడుగాటి ఈనెల కోసం. ఎందుకంటారా? ఐరోపా, అమెరికా దొరసానుల కార్సెట్లలో పెట్టడానికి, నడుము సన్నగా కనబడాలని! గొడుగు పుల్లలకీ అవే. ధర బాగా పెరిగిన రోజుల్లో ఈనెలు కోసుకుని తక్కిన తిమింగలాన్ని సముద్రానికి వదిలేసేవారట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్యాషన్ మారి, ఉక్కు స్ప్రింగు వచ్చి, బేరం పడిపోయాక ఓడలు వెళ్లిపోయాయి. మిగిలిన తిమింగలాలతో ఇనుపియాట్లు మిగిలారు.

ఆ లెక్క వచ్చి 1977లో వీళ్ల మెడకి చుట్టుకుంది. బోహెడ్లు రెండు వేలకి మించి లేవని అంచనా వేసి అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఈ వేట ఆపమంది. వేటగాళ్లు లబోదిబోమన్నారు. "మీరు ఒడ్డున నిలబడి కనబడ్డవాటినే లెక్కపెడుతున్నారు, అవి మంచు కింద నుంచి పోతాయి, తలతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి" అని మొత్తుకున్నారు. తమ సంఘం పెట్టుకుని పోరాడితే 1978కి పన్నెండు పట్టుకోవడమో, పద్దెనిమిదింటికి దెబ్బ వేయడమో, ఏది ముందైతే దానితో సరిపెట్టుకోమన్నారు. అన్ని ఊళ్లకీ కలిపి! తరవాత నీళ్లలోకి మైకులు దించి తిమింగలాల గొంతులు విని లెక్కపెట్టారు. ముసలి వేటగాళ్లు చెప్పిందే నిజమైంది. 2011 లెక్కలో సుమారు 17 వేలు తేలాయి. ఇప్పటికీ ఇన్ని అని కమిషన్ కట్టి ఇస్తుంది, పదకొండు ఊళ్లు పంచుకుంటాయి.

సీళ్ల కథ ఇంకొక తీరు. మంచు మీద తెల్లటి సీలు పిల్ల, నీళ్లు నిండిన కళ్లతో ఉన్న బొమ్మ మీరూ చూసే ఉంటారు. న్యూఫౌండ్‌లాండ్ వైపు ఆ పిల్లల్ని కర్రలతో కొట్టి చంపే వ్యాపారం ఉండేది. దాని మీద గోల లేచి 1983లో ఐరోపా దేశాలు పిల్ల సీళ్ల తోళ్లు రాకుండా ఆపాయి. ఆపవలసిందే. కాని ఇన్యూట్లు వేటాడేది ఆ పిల్లల్ని కాదు, ప్రధానంగా వలయాల మచ్చలుండే వేరే జాతి సీళ్లని, తినడానికి. మిగిలిన తోలు అమ్మితే వచ్చే డబ్బుతో పెట్రోలూ తూటాలూ కొనుక్కునేవారు. ఆ బొమ్మ చూసిన కొనుగోలుదారు ఏ సీలు తోలూ ముట్టుకోలేదు. బేరం కూలిపోయింది. తోలు గీకి, సాగదీసి, ఆరబెట్టిన ఆడవాళ్ల కష్టం గుమ్మంలోనే ఉండిపోయింది. 2009లో ఐరోపా మళ్లీ నిషేధం పెడుతూ ఇన్యూట్లకి మినహాయింపు అంది. కాని బజారే పోయాక మినహాయింపు కాగితం ఏం చేసుకుంటారు? గ్రీన్‌పీస్ కెనడా శాఖ 2014లో ఇన్యూట్లకి క్షమాపణ చెప్పింది. అలెథియా అర్నాకుక్ బారిల్ అనే ఇన్యూట్ అమ్మాయి 2016లో 'యాంగ్రీ ఇనుక్' అని సినిమా తీసింది, మా అమ్మాయి పెట్టి చూపించింది. అందులో ఎవరూ అరవరు. వాళ్ల కోపం చాలా నిదానమైన కోపం. జాలి మంచిదే, కాని ఎవరి చిరునామాకి పంపుతున్నామో చూసుకోవద్దూ?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఇది. 1980లలో క్యుబెక్ రాష్ట్రంలో తల్లిపాలలో రసాయనాలు ఏపాటి ఉన్నాయో పరీక్షించారు. ఫ్యాక్టరీలకి దూరంగా, ఉత్తరాన ఉన్న ఇన్యూట్ తల్లుల పాలు స్వచ్ఛంగా ఉంటాయి, పోల్చడానికి పనికొస్తాయని తెప్పించారు. తీరా చూస్తే, పీసీబీ అనే విషం దక్షిణాది తల్లుల పాలలో కంటె సుమారు ఐదు రెట్లు ఉంది! మన దక్షిణాది కాదు లెండి, క్యుబెక్‌కి దక్షిణాది. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల్లోంచో గాలితో, నీటితో పైకి పోయి, చేపల్లోంచి సీళ్లకీ, తిమింగలాలకీ, వాటి కొవ్వులోంచి తల్లికీ చేరింది. పురుగుమందులదీ అదే దారి. బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఈ కబురు చెబితే ఏం చేస్తుంది? మానేసి డబ్బా పాలు పట్టాలంటే కొనగలగాలి. డాక్టర్లు కూడా ఆలోచించి, తల్లిపాలే మేలు, మానవద్దన్నారు. షీలా వాట్ క్లూటియే అనే ఇన్యూట్ నాయకురాలు, ఆ విషాల మీద దేశాలు చర్చించుకునే చోటికి తల్లీబిడ్డల రాతిబొమ్మ ఒకటి తీసుకెళ్లి ఇచ్చింది. దాన్ని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకున్నారట. 2001లో స్టాక్‌హోంలో ఒప్పందం అయింది. పీఠికలోనే ఉత్తరధ్రువ ప్రాంతపు జనం ప్రస్తావన ఉంది. పిన్నిగారికి ఇది చెప్పినప్పుడు ఆవిడ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "మనం చల్లింది కూడా అక్కడికి పోయి ఉంటుందా?" అంది. పోయే ఉంటుంది పిన్నిగారూ, గాలికి సరిహద్దు లేమిటి?

మొన్నమొన్నటి దాకా వాళ్లకి ఫ్రిజ్జు అక్కర్లేకపోయింది. గడ్డకట్టిన నేలలో నుయ్యిలా తవ్వి, నిచ్చెన వేసుకు దిగి, మాంసం దాచుకునేవారు. కెప్టెన్ భార్యకి ఆ నేలమాళిగే కొట్టుగది. ఇప్పుడు నేల కరుగుతోంది. కొన్నింట్లో నీళ్లూరుతున్నాయి, దాచింది పాడవుతోంది. సముద్రం మీద మంచు కూడా ఆలస్యంగా పడుతోంది.

2019 శరత్కాలంలో అదే జరిగింది. మామూలుగా అక్టోబరు నాటికి వేట సాగుతూ ఉండాలి. ఆ ఏడు సముద్రం వేడెక్కింది, ఉట్కియాగ్విక్ ఒడ్డుకి తిమింగలాలు రాలేదు. సెప్టెంబరు వెళ్లింది, అక్టోబరు వెళ్లింది. పడవలు రోజూ చాలా దూరం పోయి ఉత్త చేతులతో తిరిగొస్తున్నాయని, వాళ్ల వదినగారు ఫోనులో సరిగ్గా మాట్లాడటం లేదని అమ్మాయి చెప్పింది. నాకు ఆవిడెవరో తెలియదు. అయినా కార్తీక మాసం, సాయంత్రం దీపం పెట్టి దణ్ణం పెట్టుకోబోతే ఏమని అడగాలో తోచలేదు. తిమింగలం దొరకాలనా, బతికిపోవాలనా? కాసేపు నిలబడి, "ఆ ఇల్లాలి గిన్నె ఖాళీగా ఉంచకు తండ్రీ" అనుకుని వచ్చేశాను. ఆ రాత్రి అమ్మాయితో, "వాళ్లకి తిమింగలం పడిందిటే?" అని అడుగుతుంటే మా వారు పేపరు దించి, కళ్లజోడు పైకెత్తి నన్ను చూశారు.

నవంబరు నడిమిలో పడింది. ఆ సీజనులో దొరికింది అదొక్కటే, ఊరంతటికీ. ఈ కబురు చెప్పడానికి వెళ్తే పిన్నిగారు గిన్నె పట్టుకుని కుక్కల దగ్గరికి బయల్దేరుతోంది. విని, గుమ్మంలో ఆగింది.

"అందరికీ సరిపోయిందిటా?" అంది.